గొర్రెలు తొక్కిన అరెకరం

రాగిపిండి జల్లెడకు ఎర్రమన్ను అంటుకుని ఉండటంతో ఆ రోజు పొద్దున్నే ఇంట్లో తగువు మొదలైంది.

"యాల తీస్తివి మే నా జల్లెడ?" గంగులమ్మ జల్లెడను వెలుగుకు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, రంధ్రాలను లెక్కపెడుతున్నట్టు చూసింది.

"కడిగే పెట్టినాను గదత్తా," అంది హేమావతి.

"కడిగినావులే. వాసన యాడికి పోతాది? పేడ, బూడిద, పుట్టమన్ను అన్నీ దీంట్లోనే ఆడిస్తివి. రేపు దీంట్లోనే పిండి జల్లిస్తే ఆ సంగటి నీ మొగుడు తింటాడా?"

వరండాలో కాఫీ తాగుతున్న ఉమాపతి తల తిప్పకుండానే అన్నాడు. "తింటాను లేమ్మా. కాకపోతే గొంతులో మొలకలొస్తాయేమో."

"వస్తే రానీరా. చేన్లో రాకపోయినా యాడో ఒకచోట మొలిచినట్టుంటాది."

హేమావతికి నవ్వు రాలేదు. ఇంట్లో జల్లెడలు మూడున్నాయి. గోధుమపిండిది మరీ సన్నం, బియ్యంది మరీ పెద్దది. విత్తనానికి పట్టించే మన్నులో ఇసుక రవ్వంత గరుసు మిగిలినా పైపూత ఎండాక పగులుతుంది. రాగిపిండి జల్లెడ ఒక్కటే దానికి సరిగ్గా సరిపోతుంది. ఈ మాట అత్తకు విడమరిచి చెప్పొచ్చు. కానీ చెప్పబోయేలోగా గంగులమ్మ జల్లెడను చీరకొంగుతో చుట్టి తన గదిలోకి తీసుకుపోయి బీరువా మీద పెట్టేసింది. ఆ తర్వాత పది రోజుల పాటు అత్తాకోడళ్ల మధ్య మాటలు "సంగటి అయిందా", "అయింది" దగ్గరే ఆగిపోయాయి.

హేమావతి మదనపల్లెలో బీయస్సీ చదివింది, బోటనీ. పెళ్లయి పుంగనూరుకు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ రాళ్లవంకపల్లెకు వచ్చాక ఆ చదువు పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గర, కూతురు ప్రీతికి రికార్డు బొమ్మలు గీసివ్వడంలో తప్ప ఎక్కడా అక్కరకు రాలేదు. కానీ ఆమెకు చూసే అలవాటు పోలేదు. గోడ క్యాలెండరులో వాన పడిన రోజు చుట్టూ సున్నా చుట్టడం ఆమె పని. ఆరేళ్ల క్యాలెండర్లు పరుపు కింద దాచిపెట్టింది. వాటిని పక్కపక్కన పరిస్తే ఒక సంగతి కళ్లకు కట్టినట్టు కనిపించేది. జూన్‌లో సున్నాలు ఏటికేడు తగ్గిపోతున్నాయి, అక్టోబరులో నాలుగు రోజుల్లో కుప్పగా పడుతున్నాయి. జూన్ వానను నమ్ముకుని వేసిన చెనక్కాయ రెండేళ్లుగా పూతలోనే ఎండిపోయింది. మార్చి ఎండకు టమోటా కాయ చెట్టు మీదే తెల్లగా ఉడికిపోయింది.

అందుకే కుప్పంలో ఆడ రైతులకు నాలుగు రోజుల తర్ఫీదు అని విన్నప్పుడు, ఇంట్లో ఎవరేమన్నా వినకుండా బస్సెక్కింది. అక్కడ జనార్దన్ అనే ఆయన పాఠం చెప్పేవాడు. ముతక చొక్కా, మన్ను పట్టిన గోళ్లు, గొంతు మాత్రం బళ్లో అయ్యవారి గొంతు. వాన కోసం ఎదురుచూడకుండా ఏప్రిల్‌లోనే పొడి నేలలో తొమ్మిది రకాల విత్తనాలు చల్లొచ్చు అన్నాడు. అలసంద, కంది, అనప, పెసర, ఉలవ, సజ్జ, రాగి, నువ్వు, ఆముదం. విత్తనానికి మొదట పేడనీళ్లు, తర్వాత మెత్తని మన్ను, చివర బూడిద పట్టించి నీడలో ఆరబెట్టాలి. చల్లి, పైన చెత్తో కట్టెనో కప్పాలి. గింజ మన్నులో పడుకుని ఉంటుంది. ఒక్క జల్లు పడితే చాలు, లేచి కూర్చుంటుంది. వేసవంతా నేల పచ్చగా ఉంటే మన్ను కాలదు, మన్నులో పురుగు చావదు, అసలు వాన వచ్చినప్పుడు నీళ్లు పారిపోకుండా దిగుతాయి.

"ఇది నేను చెప్తే నమ్మరు," అన్నాడు జనార్దన్ చివరి రోజు. "మీలో ఒకరు చేసి చూపించాల. మే ఇరవై ఎనిమిదిన మదనపల్లె వైపు నుంచి నలభై మంది రైతులు బస్సులో వస్తారు. యా చేను పచ్చగా ఉంటే ఆ చేను కాడికే తీసుకుపోతాను. ఆ చేనామెకు ఐదు ఊర్లు అప్పజెప్తాను. ఆడ పాఠం చెప్పేది ఆమే."

ఐదు ఊర్లు. బస్సులో తిరిగి వస్తూ హేమావతి ఆ మాటను పలమనేరు దాటేదాకా లోపల తిప్పుకుంటూనే ఉంది. పదిహేడేళ్లుగా ఎవరూ ఆమెను ఏమీ చెప్పమని అడగలేదు.

తూర్పు చేన్లో అరెకరం ఉమాపతి ఇచ్చాడు. "చెడిపోయేదేముంది, ఎట్టా బీడే గదా," అన్నాడు, టమోటా బుట్టలు బండికెత్తిస్తూ. ఏప్రిల్ పద్దెనిమిదిన, సూర్యుడు గుట్ట దాటకముందే, పక్కింటి మునిలక్ష్మిని ఒక్కదాన్నే తోడు తీసుకుని హేమావతి విత్తనాలు చల్లింది. ఊరు లేచి చూస్తే ఎండల్లో విత్తనమా అని నవ్వుతుందని ఆమె భయం. నాగలి కట్టలేదు. విత్తే గొర్రుకు పసుపు రాయలేదు, టెంకాయ కొట్టలేదు. పైన చెనక్కాయ కట్టె, కాయలు కోసేశాక మిగిలిన ఎండు తీగ, పల్చగా పరిచి ఇద్దరూ ఇంటికొచ్చేశారు. చూసేవాళ్లకు అది ఎవరో కట్టె ఆరబోసుకున్నట్టే ఉంది.

తొమ్మిదో రోజు పొద్దున మునిలక్ష్మి నుంచి ఫోను వచ్చింది.

"హేమక్కా, నీ తూర్పు చేన్లో సంత జరగతాండాది. ఎవర్ని పిల్చినావు?"

హేమావతి చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా నడిచింది. మలుపు తిరగ్గానే కనిపించింది. అరెకరం నిండా గొర్రెలు. చుట్టూ నైలాన్ వల కట్టి ఉంది. గట్టు మీద మారప్ప కంబళి పరుచుకుని, ఊతకర్ర ఒళ్లో పెట్టుకుని బీడీ ముట్టించుకుంటున్నాడు. పరిచిన కట్టె పరకంత కూడా లేదు. చెనక్కాయ కట్టె దొరికితే గొర్రె వదులుతుందా?

"రా హేమమ్మా," అన్నాడు మారప్ప సంబరంగా. "రెండు పొద్దులయింది మంద కట్టి. మేత గూడా నువ్వే పరిచి పెట్టినావు, ఏ ఇంటి కోడలు సేస్తాది ఇట్టా? ఇంకొక పొద్దు ఉండిపోతాము."

ఆమెకు అప్పుడు అంతా అర్థమైంది. ప్రతి ఏడూ ఉగాది దాటాక మారప్ప పెద్దతిప్పసముద్రం వైపు నుంచి రెండు వందల గొర్రెలతో దిగుతాడు. ఎవరి చేన్లో మంద నిలబడితే వాళ్ల చేనుకు పెంట, మూత్రం ఎరువు. బదులుగా ఆ ఇంటివాళ్లు అతనికి రాగులిస్తారు. ఊళ్లో తొలి మంద ముప్పై ఏళ్లుగా గంగులమ్మ తూర్పు చేనుదే. వక్కాకు చేతిలో పెట్టి ఆమే మాట తీసుకుంటుంది. ఈ ఏడూ తీసుకుంది. కోడలికి చెప్పాల్సిన పనే కనిపించలేదు. మాటలూ లేవు కదా.

"మారప్పా, ఈడ విత్తనం ఏసి ఉండానప్పా."

మారప్ప బీడీ పక్కన పెట్టాడు. నేలను చూశాడు, ఆమెను చూశాడు, ఆకాశాన్ని చూశాడు.

"ఈ ఎండలోనా?"

"ఈ ఎండలోనే."

"గుర్తేదమ్మా మరి?" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు, నిజంగా బాధ ఉంది. "విత్తనం పడితే గట్టు మీద కంపన్నా నాటతారు, కర్రకు గడ్డిచుట్టన్నా కడతారు. అది సూసి మేము మళ్లుకుంటాము. ఊరంతా తెలిసేటట్టు గదా ఏసేది. నువ్వు గుట్టుగా ఏస్తే గొర్రెకేం తెలస్తాది, నాకేం తెలస్తాది?"

నాలుగు రోజుల పాఠంలో ఇది ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకుండానే ఈ నేల మీద పుట్టిన ప్రతివాళ్లకూ తెలిసింది. ఆమెకూ తెలుసు. నవ్వుతారనే భయంతో దాన్ని ఎగరగొట్టింది.

ఇంటికి వచ్చేసరికి గంగులమ్మకు వార్త అందింది. మోకాళ్లు పట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"నాకేం తెలుసు మే," అంది ముందుగానే. "మన్ను పూసి మూటగట్టినావు. వానొచ్చినాక ఏస్తావనుకుంటి. ఏప్రిల్‌లో విత్తనమేసే ఆడదాన్ని నా డెబ్బై ఏళ్లలో యాడన్నా సూసినానా?"

"తప్పు నీది కాదత్తా. నేను జెప్పలా."

కోడలు అంత సులువుగా ఒప్పుకోవడంతో గంగులమ్మ మెత్తబడి, "జల్లెడ బీరువా మీద ఉండాది, తీసుకో," అంది.

హేమావతి కుప్పానికి ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది.

"అమ్మా, నా చేతిలో ఒక్క బస్సే ఉండాది. మీది లేదనుకుంటే పలమనేరు దగ్గర ఇంకొకామెది చూపిస్తాను. ఆమెదీ బాగానే ఉంది. ఏమంటారు?"

అంటే ఐదు ఊర్లూ ఆ పలమనేరు ఆమెకే. ఆ మాట ఆయన అనలేదు, అనక్కర్లేదు.

"రెండు దినాలు టైమియ్యండి సార్."

మర్నాడు తెల్లారగానే హేమావతి చేన్లో కూర్చుంది. మంద వెళ్లిపోయింది. నేలంతా గిట్టల గుర్తులు, మధ్యమధ్య నల్ల పెంటికలు. కట్టె లేకపోవడంతో మన్ను ఎండకు బోసిగా ఉంది. ఇంటి నుంచి తెచ్చుకున్న చెంచాతో ఒక గిట్ట గుంటను మెల్లగా తవ్వింది. అర అంగుళం కింద బూడిదరంగు ఉండ ఒకటి, పగలకుండా, గుండ్రంగా కనిపించింది. ఇంకో గుంట తవ్వింది. ఇంకొకటి. మూడో దాంట్లో రెండు. ఆమె చల్లినప్పుడు గింజలు మన్ను మీదే పడి ఉన్నాయి. ఇప్పుడు ఎవరో వేలితో నొక్కి నాటినట్టు ఒక్కొక్కటీ లోపలికి దిగి ఉంది. గుంట అడుగున మన్నును వేళ్ల మధ్య నలిపింది. చల్లగా ఉంది.

చెంచా అక్కడే గుచ్చి లేచి నిలబడింది.

మారప్ప ఎదురు చేన్లో మంద కడుతున్నాడు. అతని దగ్గరికి దాదాపు పరుగు తీసింది. "మారప్పా, నీ గొర్రెలు నా గింజలు తినలా."

"పేడ పూసింది గొర్రె ముట్టదమ్మా. దానికి మనకంటే మర్యాద ఎక్కువ."

"అవి నాటినాయప్పా. నీ గొర్రెలు నా విత్తనం నాటినాయి. పైన కప్పేదానికి ఏమన్నా కావాల. ఏం పరిస్తే నీ మంద మళ్లీ తినదు?"

ఇలాంటి ప్రశ్న మారప్పను ఎప్పుడూ ఎవరూ అడిగి ఉండరు. అతను కంబళి సర్దుకుని, పరీక్షలో జవాబు తెలిసిన పిల్లవాడిలా గొంతు సవరించుకున్నాడు. "కానుగాకు. సచ్చినా తినదు. జిల్లేడు తినదు. వేపాకు తింటాది, అది పెట్టబాకు. మామిడి ఎండాకు తినేదీ లేదు, వదిలేదీ లేదు. వంక గట్టున కానుగ మాన్లు ఏడుండాయి, నువ్వూ ఆ మునిలక్ష్మీ గోతాలు తీసుకోని రాండి."

ముగ్గురూ రెండు రోజులు మోశారు. ఈసారి పట్టపగలే. ఊరంతా చూసింది. కొందరు నవ్వారు. "ఏం హేమక్కా, చేనుకు దుప్పటి కప్పతాండావా?" అని ఒకరన్నారు. "అవునప్పా, ఎండ ఎక్కువగా ఉండాది గదా," అంది హేమావతి. గట్టు నాలుగు మూలలా కర్రలు నాటి గడ్డిచుట్టలు కట్టింది. చివర్న ఒక పని చేసింది. మంద వల చేను ఈశాన్య మూలకు చేరలేదు, అక్కడ గొర్రెలు తొక్కలేదు. ఆ మూలా, తొక్కిన చోటా, రెండు చోట్ల బారెడు బారెడు చదరంగా పురికొసలు కట్టింది. అప్పుడు జనార్దన్‌కు ఫోను చేసింది.

"బస్సు ఈడికే రానీండి సార్."

"మొలిచిందా?"

"ఇంకా లేదు. వస్తాది."

మే ఆరున సాయంత్రం వాన వచ్చింది. వాన అనడానికి లేదు, పావుగంట జల్లు. అయినా హేమావతి వరండాలో నిలబడి చెయ్యి చాపి, క్యాలెండరు దగ్గరికి పోయి, పెన్నుతో సున్నా చుట్టింది. మూడో రోజు కానుగాకుల సందుల్లోంచి అలసంద రెండాకులు చేతులు జోడించినట్టు లేచాయి. ఐదో రోజు సజ్జ. ఎనిమిదో రోజుకు పచ్చదనం గట్టు మీద నుంచి కూడా కనిపించింది. ప్రతి పొద్దూ ఆమె పురికొసల చదరాల దగ్గర గొంతుక్కూర్చుని లెక్కపెట్టేది. తొక్కని మూలలో పదిహేడు మొలకలు. తొక్కిన చోట నలభై ఒకటి. నమ్మకం చాలక మునిలక్ష్మితో లెక్కపెట్టించింది. ప్రీతిని తీసుకొచ్చి లెక్కపెట్టించింది. ఆఖరికి మోకాళ్ల నొప్పితో మూలుగుతూనే గంగులమ్మ వచ్చింది, బైకు మీద, కొడుకు వెనకాల. వంగలేక ఊతకర్రతో ఒక్కొక్క మొలకనూ చూపిస్తూ లెక్కపెట్టింది.

"నలభై రెండు మే," అంది. "ఒకటి వొదిలేసినావు నువ్వు."

నిజమే, ఆకు కింద అనప మొలక ఒకటి దాక్కుని ఉంది.

ఇరవై ఎనిమిదిన బస్సు వచ్చింది. చుట్టుపక్కల చేలన్నీ ఎర్రగా, తెల్లగా కాలిపోయి ఉన్నాయి, మధ్యలో అరెకరం మోకాలెత్తు పచ్చగా నిలబడి ఉంది. దిగినవాళ్లు దిగినచోటే ఆగిపోయారు. జనార్దన్ పక్కకు తప్పుకుని, ఆమెకు చెయ్యి చూపించాడు.

రాత్రంతా బట్టీపట్టిన మాటలు హేమావతికి గుర్తు రాలేదు. "ముందు నేను చేసిన తప్పు జెప్తాను," అని మొదలుపెట్టింది. గుట్టుగా విత్తడం, గుర్తు నాటకపోవడం, మంద దిగడం అన్నీ చెప్పింది. జనం నవ్వారు. నవ్వుతూనే దగ్గరికి జరిగారు.

మదనపల్లె వైపు నుంచి వచ్చిన మునిరత్నం అనే పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అయితే పంట గొర్రెలది, పేరు నీదా తల్లీ?"

"గొర్రెలదే నాయనా. కావాలంటే లెక్కబెట్టండి. ఈ మూల గొర్రె తొక్కలా, ఆ పక్క తొక్కింది. ఈడ పదిహేడు, ఆడ నలభై రెండు. ఒక చేన్లో ఒక్కతూరి చూసిందే. మీ మన్నులో ఎట్టొస్తాదో మీరు ఏసి చూసి నాకు జెప్పాల."

మునిరత్నం పంచె ఎగదోపుకుని కూర్చున్నాడు. పెదాలు కదుపుతూ రెండు చదరాలూ లెక్కపెట్టాడు. ఒక గుప్పెడు మన్ను తీసి వాసన చూశాడు. లేచి అడిగాడు. "ఎన్ని పొద్దులు కట్టాల మంద?"

హేమావతికి తెలియదు. తెలిసినట్టు చెప్పడం ఆమెకు చేతకాదు. వెనక్కి తిరిగి, "మారప్పా, ఇట్టా రా," అంది.

గుంపు వెనక దూరంగా నిలబడిన మారప్ప ముందుకొచ్చాడు. "రెండు పొద్దులు సామీ. మూడో పొద్దు కడితే నేల రాయి మాదిరి ఐపోతాది. ఇసక నేలకైతే ఒకటే చాలు. మొలకొచ్చినాక మాత్రం నన్ను పిలవబాకండి." మళ్లీ నవ్వులు. తర్వాత గంటసేపు ప్రశ్నలు ఇద్దరి మీదా వర్షంలా పడ్డాయి. ఆకు ఎంత మందం, మన్ను ఏది, గొర్రె దొరక్కపోతే ఎట్టా, మేకలైతే ఎట్టా. ఆమెకు తెలిసింది ఆమె చెప్పింది, అతనికి తెలిసింది అతను చెప్పాడు. ఇద్దరికీ తెలియనివి హేమావతి నోటుబుక్కులో రాసుకుంది.

బస్సు ఎక్కుతూ మునిరత్నం, "మా ఊరికి ఎప్పుడొస్తావు?" అని అడిగాడు. జనార్దన్ ఆ ప్రశ్నను అక్కడే పట్టుకున్నాడు. "ఐదు ఊర్లూ మీవే. వారానికి మూడు దినాలు, మదనపల్లె వైపు. ముందు పది దినాలు కుప్పంలో ఉండి నేర్చుకోవాల. సోమవారమే మొదలు. ఇంట్లో మాట్లాడుకోని ఈ పొద్దే చెప్పండి."

మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. సంగటి, ఉలవచారు, వంకాయ కూర. ఉమాపతి సంగటి ముద్దలో గుంట చేసి చారు పోసుకుంటూ, తనకు తోచిన అడ్డంకులన్నీ మెల్లగా బయటపెట్టాడు. "పది దినాలంటే మాటలా? జూన్‌లో నాలుగెకరాలకూ టమోటా నారు చెప్పి ఉండాను. కూలోళ్లకు వండేదెవరు? అమ్మకు మోకాళ్లు. ప్రీతికి కాలేజీ. ఇంకో ఏడు చూసుకుందాము లే హేమా. వాళ్లు యాడికి పోతారు?"

"వాన యాడికి పోయింది నాయనా?" అంది ప్రీతి, కూర వడ్డించుకుంటూ.

గంగులమ్మ కోడలి ముఖం వైపు చూస్తోంది, ఆమె ఏం చెబుతుందో ఒక్క అక్షరం కూడా పోనివ్వకూడదన్నట్టు.

హేమావతి చెయ్యి కడుక్కోకుండానే, కంచం ముందు నిటారుగా కూర్చుంది.

"నేను సోమవారం కుప్పం పోతాండాను," అంది. "పది దినాలు ఆడే ఉంటాను. ఇందాకే జనార్దన్ సారుకు జెప్పినాను, మారప్ప కూడా నాతో పాటు పాఠం జెప్తాడు, అట్టయితేనే వస్తానని. సారు సరే అన్నాడు. మారప్ప మందను పది దినాలు వాళ్ల తమ్ముడు చూస్తాడు. టమోటా నారు ఒక్క ఎకరాకే తెప్పించండి. మిగిలిన మూడింట్లో ఒక ఎకరా పోల్చి చూసేదానికి అట్టే ఉంచి, పక్కన రెండెకరాలూ ఈ ఆదివారమే పొడిలో చల్లతాండాము, నేను బస్సెక్కేలోగా. నేను లేనన్నాళ్లూ ఈడ మొలకలు లెక్కబెట్టి రాసేది అత్త."